అడవి మీద గూడెం హక్కును కాగితం మీదికి ఎక్కించడం ఎలా

ఇది ముఖ్యంగా నల్లమల గూడేల్లో చదువుకున్న పిల్లల కోసం రాస్తున్నాను. ఆత్మకూరు, కొత్తపల్లి, వెలుగోడు, మహానంది, రుద్రవరం, శ్రీశైలం, మీది ఏ వైపు చెంచు గూడెమైనా సరే, తెలుగు శుభ్రంగా రాయగలిగినవాళ్లు ఒకరుంటే ఈ పని మొదలుపెట్టొచ్చు. లాయరు అక్కర్లేదు, మధ్యలో పెద్దమనుషులు అసలే అక్కర్లేదు, దరఖాస్తుకు ఒక్క రూపాయి ఫీజు కూడా లేదు. ఎవరైనా "పట్టాలు ఇప్పిస్తాం, ఇంటికి ఇంత వేసుకోండి" అంటూ గూడెంలోకి వస్తే అటునుంచి అటే పంపేయండి.

ఒక మాట ముందే గట్టిగా చెప్పాలి. మనవాళ్లు ఆఫీసుకు పోతే రెండు చేతులూ కట్టుకుని "సార్, పట్టా ఇప్పించండి" అంటారు. రెండెకరాలో మూడెకరాలో దున్నుకున్న చెక్కకి పట్టా కావాల్సిందే, కాదనను. కానీ చెంచులు బతికింది ఆ చెక్క మీద కాదు కదా, తేనె మీద, తపసి బంక మీద, గడ్డల మీద, కుంకుడు మీద, అంటే అడవి మొత్తం మీద. ఆ అడవి మీద ఉమ్మడి హక్కు కూడా అదే చట్టంలో ఉంది. దాన్ని అడిగేవాళ్లే తక్కువ. కాబట్టి ఉమ్మడి హక్కుతోనే మొదలుపెట్టండి.

చట్టం సంగతి క్లుప్తంగా. 1882 మద్రాసు అటవీ చట్టంతో ఈ అడవులు రిజర్వు ఫారెస్టు కింద తెల్లదొరల చేతికి పోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1967లో మన రాష్ట్ర అటవీ చట్టం వచ్చింది, ఆ తర్వాత పులుల అభయారణ్యం వచ్చింది, ఎన్ని వచ్చినా గూడెం మాత్రం "ఆక్రమణదారు"గానే మిగిలింది. 2006 డిసెంబరులో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. అడవి బిడ్డలకు చరిత్రలో అన్యాయం జరిగిందని ఆ చట్టం పీఠికలోనే ఒప్పుకుంది. 2008 జనవరి 1న నియమాలు వచ్చాయి, 2012 సెప్టెంబరులో వాటిని సవరించి బాగా బలపరిచారు. మన దగ్గర ఆర్ఓఎఫ్ఆర్ పట్టా అని పిలిచేది ఈ చట్టం కిందిదే.

ఇంకొకటి. ఉమ్మడి కర్నూలు జిల్లా నల్లమల షెడ్యూల్డు ప్రాంతం కాదు. అంటే పాడేరు, రంపచోడవరం వైపు ఉన్న 1/70 చట్టం (గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపేది), పెసా చట్టం (అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చేది) ఇక్కడ వర్తించవు. వాటి పేరు చెప్పి వాదిస్తే అధికారి ఒక్క మాటతో నోరు మూయిస్తాడు. అటవీ హక్కుల చట్టానికి అలాంటి గీత లేదు. రిజర్వు ఫారెస్టులోనైనా, అభయారణ్యంలోనైనా, నేషనల్ పార్కులోనైనా వర్తిస్తుంది. "ఇది టైగర్ రిజర్వు, ఇక్కడ హక్కులుండవు" అని బీటాఫీసరు అంటే, ఆ మాట రాసి సంతకం పెట్టి ఇవ్వమనండి.

మొదటి పని: మీ గూడేనికే గ్రామసభ కావాలి

చాలాచోట్ల బండి ఆగిపోయేది ఇక్కడే. గూడెం ఏదో పెద్ద పంచాయతీలో ఒక మూల ఉంటుంది. పంచాయతీ గ్రామసభ పెడితే అందులో చెంచులు పిడికెడు మంది, మిగతా అంతా కింది ఊళ్ల రైతులు. వాళ్లకి మీ తేనెపట్టుతో ఏం పని? చట్టం ఈ సంగతి ముందే ఆలోచించింది. అడవిలోని పాత ఆవాసాలు, సర్వే కాని గూడేలు, రికార్డులో గ్రామంగా నమోదైనా కాకపోయినా, ఈ చట్టం వరకు గ్రామం కిందే లెక్క. 2012 నియమాల్లో 2ఎ అని ఉంది, పంచాయతీలు తమ పరిధిలోని ఇలాంటి ఆవాసాల జాబితా తయారుచేసి సబ్ డివిజన్ అధికారికి పంపాలి. కాబట్టి మొదటి అర్జీ పట్టా కోసం కాదు, "మా గూడేన్ని 2ఎ జాబితాలో చేర్చి, మాకు విడిగా గ్రామసభ జరపండి" అని. ఒక కాపీ పంచాయతీ సెక్రటరీకి, ఒకటి ఆర్డీఓకి, ఒకటి శ్రీశైలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి. మూడింటి మీదా తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

ఆత్మకూరులో ఇప్పుడు రెవెన్యూ డివిజన్ ఆఫీసు ఉంది, జిల్లా నంద్యాల. 2022 ఏప్రిల్‌కి ముందు నడిచిన ఫైళ్లు మాత్రం కర్నూలులో ఉండొచ్చు. గూడెంలో ఎవరైనా ఇదివరకే దరఖాస్తు పెట్టుంటే ఆ ఫైలు ఏ ఊళ్లో ఉందో సమాచార హక్కు కింద అడిగి తేల్చుకోండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, తెల్లకార్డు జిరాక్సు జత చేస్తే ఫీజు ఉండదు.

రెండో పని: సభ, కమిటీ, మినిట్స్ పుస్తకం

సభను పంచాయతీ పిలుస్తుంది. గూడెంలో ఓటు వయసు వచ్చిన వాళ్లందరూ సభ్యులే. సగం మందికి తక్కువ కాకుండా రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. కూలికి గుంటూరు వైపో ఇంకెక్కడికో వలస పోయే రోజుల్లో సభ పెడితే కోరం చాలదు, తర్వాత ఆ ఒక్క కారణం చూపించి ఫైలు వెనక్కి పంపుతారు. జనం ఇళ్ల దగ్గరుండే రోజు చూసుకోండి.

మొదటి సభలోనే అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. 10 మందికి తగ్గకుండా, 15కి మించకుండా. మూడింట రెండొంతులు గిరిజనులు, మూడో వంతు ఆడవాళ్లు. ఆడవాళ్ల పేర్లు లెక్క కోసం రాసుకోకండి. గడ్డలు ఎక్కడ దొరుకుతాయో, ఏ చెలమలో ఎండాకాలం నీళ్లుంటాయో మగవాళ్లకంటే వాళ్లకే బాగా తెలుసు, రేపు సాక్ష్యం రాసేటప్పుడు వాళ్ల మాటే కావాలి.

తీర్మానం ఎలా రాయాలో చాలామంది అడుగుతారు. ఇలా రాస్తే సరిపోతుంది:

"ఫలానా తేదీన, ఫలానా గూడెంలో, ఫలానా చోట గ్రామసభ జరిగింది. సభలో మొత్తం సభ్యులు ఇంతమంది. హాజరైనవారు ఇంతమంది, అందులో మహిళలు ఇంతమంది. అటవీ హక్కుల చట్టం 2006 కింద వ్యక్తిగత, సామూహిక, సామూహిక అటవీ వనరుల హక్కులకు దరఖాస్తులు పిలవాలని, వాటిని తీసుకునే అధికారం కింద పేర్లున్న కమిటీకి ఇవ్వాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది."

కింద ప్రతి మనిషి పేరు, తండ్రి లేక భర్త పేరు, సంతకమో వేలిముద్రో. వేలిముద్ర పక్కన అది ఎవరిదో రాయాలి. నేను చూసిన ఒక పుస్తకంలో నీలి ఇంకు వేలిముద్రలు రెండు పేజీల నిండా ఉన్నాయి, ఒక్కదాని పక్కనా పేరు లేదు. నడి ఎండలో పిల్లల్ని చంకనేసుకుని వచ్చి వేసిన ముద్రలవి, పై ఆఫీసులో పనికిరాకుండా పోయాయి. దయచేసి పేర్లు రాయండి. విడి కాగితాలు వద్దు, కుట్టిన లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పేజీలకు నంబర్లు వేయండి, ప్రతి పేజీనీ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.

మూడో పని: ఏ ఫారం?

మూడున్నాయి. ఫారం-ఎ దున్నుకుంటున్న నేలకి, ఇంటికి. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉండాలి, గరిష్ఠంగా 4 హెక్టార్లు, మన లెక్కలో పదెకరాలకు కాస్త తక్కువ. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా వస్తుంది. వారసులకు పోతుంది కానీ అమ్మడానికి కుదరదు. ఫారం-బి సామూహిక హక్కులకి: అటవీ ఫలసాయం, చేపలు, మేత, నీటి వనరులు. ఫారం-సి అన్నిటికంటే పెద్దది. మీ గూడెం తరతరాలుగా వాడుకునే అడవి హద్దుల లోపల కాపాడుకునే, నడుపుకునే హక్కు దానితో వస్తుంది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మేండా లేఖా అనే గోండుల ఊరు ఈ హక్కు సంపాదించుకుని, 2011లో తన వెదురు తనే అమ్ముకోవడం మొదలుపెట్టింది. రవాణా పర్మిట్ల పుస్తకం ఇవ్వడానికి కేంద్ర అటవీ మంత్రే ఆ ఊరికి వచ్చాడు.

చెంచులకు ఇంకొకటి ఉంది. దేశంలో 75 తెగల్ని కేంద్రం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలుగా గుర్తించింది, చెంచులు అందులో ఉన్నారు. ఇలాంటి తెగలకు ఆవాస హక్కు అని వేరే ఉంది, అది ఒక గూడేనిది కాదు, ఆ తెగ సంప్రదాయంగా తిరిగిన ప్రాంతం మొత్తానిది. ఆ హక్కు అందేలా చూసే బాధ్యత 12బి నియమం కలెక్టరు నడిపే జిల్లా కమిటీ మీదే పెట్టింది. మధ్యప్రదేశ్ దిండోరిలో బైగాలకి, ఛత్తీస్‌గఢ్‌లో కమార్లకి వచ్చింది. నాలుగైదు గూడేలు కలిసి కూర్చుని, తెగ పెద్దల్ని ముందు పెట్టుకుని కలెక్టరుకి దీని గురించి విడిగా అర్జీ ఇవ్వండి. మీ గూడెం ఫారం-సి మాత్రం దాని కోసం ఆపొద్దు.

వేట గురించి దాచకుండా చెప్పాలి, ఈ చట్టం వేటకి హక్కు ఇవ్వదు. ఫారంలో ఆ మాట రానివ్వకండి.

నాలుగో పని: సాక్ష్యం, ఇక్కడే ప్రాణం పెట్టాలి

కనీసం రెండు రకాల సాక్ష్యాలు కావాలి. "మాకు కాగితాలెక్కడివి?" అని మనవాళ్లు ఇక్కడే నీరుగారిపోతారు. 13వ నియమం తీసి చూడండి. ఓటరు కార్డు, రేషను కార్డు, ఇంటిపన్ను రశీదుతో పాటు పెద్దవాళ్ల వాంగ్మూలం కూడా సాక్ష్యమే, వంశవృక్షం సాక్ష్యమే, పాత గుడిసె పునాది, కట్టిన గట్టు, శ్మశానం, దేవుడి చెట్టు, గడ్డలు తవ్వే చోటు, నీటి చెలమ, అన్నీ సాక్ష్యాలే. ఫారెస్టు వాళ్లు ఎప్పుడో వేసిన జరిమానా రశీదు ఉంటే పారేయకండి, ఆ రోజు మీరు అక్కడే ఉన్నారని అది ప్రభుత్వం రాసిచ్చిన కాగితం. అలాంటి రశీదు ఉందనో లేదనో ఆ ఒక్క కారణంతో దరఖాస్తు కొట్టేయకూడదని కూడా నియమంలో ఉంది. శాటిలైటు బొమ్మలో కనిపించలేదు కాబట్టి లేదు అనడం కూడా చెల్లదు, ఆ బొమ్మ మిగతా సాక్ష్యాలకి తోడు మాత్రమే.

మ్యాపు ఇలా గీయించండి. గూడెం మధ్య నేల చదును చేసి, ముసలివాళ్లందరినీ కూర్చోబెట్టి ముగ్గుపిండి వాళ్ల చేతికే ఇవ్వండి. ముందు వాగులు, తర్వాత కొండలు, తర్వాత దారులు. మొదట్లో ఎవరూ మాట్లాడరు. ఒకరు గీత తప్పు వేయగానే పక్కావిడ "అట్లా కాదు, అది ఇటు తిరుగుతాది" అంటూ లేస్తుంది, ఇక ఆపలేరు. తేనె కొండల దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్క దానికీ పేరు చెప్తారు, ఎవరి తాత తేనె కోసం ఎక్కడ తాడు దిగాడో చెప్తారు. పైన తాడు ఎవరు పట్టుకుంటారని అడగండి, "ఇంకెవరు, బావమరిదే" అంటారు. ప్రాణం తాడు మీద ఉన్నప్పుడు ఆడబిడ్డ పసుపు కుంకుమ కోరుకునేవాడే పైన నిలబడాలనేది చెంచుల కట్టుబాటు. ఆ కట్టుబాటుతో సహా రాయండి. కొండ పేరు, దిగినవాళ్ల పేర్లు, ఏ నెలలో, ఎన్ని తరాల నుంచి. ఇంత వివరంగా ఉన్న వాంగ్మూలాన్ని ఊరికే "సాక్ష్యం లేదు" అని కొట్టేయడం ఏ అధికారికీ తేలిక కాదు.

అహోబిలం వైపు గూడేలైతే పారువేట సంగతి కూడా రాయండి. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహస్వామి కనుమ నాటి నుంచి ఊరూరా తిరిగి తన పెళ్లికి పిలుచుకోవడం, అందులో చెంచులకు ఉన్న మర్యాద, ఇవన్నీ జిల్లా అంతా ఎరిగినవే. శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లయ్య అని అల్లుడిగా చూసుకునే ఆచారం కూడా అంతే. ఈ అడవితో చెంచుల సంబంధం ఎంత పాతదో చెప్పడానికి గుడి దగ్గరి ఆచారాలు మంచి తోడు.

నేల మీది బొమ్మను కాగితం మీదికి ఎక్కించాక, హద్దుల వెంట పెద్దవాళ్లతో నడిచి ఫోన్లో జీపీఎస్ పాయింట్లు తీసుకోండి. అటవీ, రెవెన్యూ మ్యాపులు, ఓటర్ల జాబితా గ్రామసభకు ఇవ్వాల్సింది ఆర్డీఓ స్థాయిలో ఉండే సబ్ డివిజన్ కమిటీయే, ఆరో నియమం చూపించి రాతపూర్వకంగా అడగండి.

ఐదో పని: పరిశీలన రోజు

కమిటీ స్థలం చూడటానికి వెళ్లే ముందు ఫారెస్టుకీ రెవెన్యూకీ నోటీసు ఇవ్వాలి. వాళ్లు వచ్చి, చూసి, పంచనామా మీద తమ హోదా, తేదీ, అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి. వచ్చి సంతకం పెట్టకుండా పోయేవాళ్లు ఉంటారు, అప్పుడు "ఫలానా అధికారి హాజరయ్యారు, సంతకం చేయలేదు" అని మీరే రాసి కమిటీ అంతా సంతకాలు చేయండి. అసలు రాకపోతే నోటీసు కాపీ జత చేయండి. కమిటీలో ఎవరిదైనా సొంత దరఖాస్తు చూసేటప్పుడు ఆ మనిషి పక్కకు జరగాలి, ఆ సంగతి కూడా మినిట్స్‌లో ఎక్కించండి.

ఆ తర్వాత మళ్లీ గ్రామసభ, దరఖాస్తుదారుల్లో సగం మందికి తగ్గకుండా ఉండగా తీర్మానం, అక్కడి నుంచి ఫైలు ఆర్డీఓ లేదా సబ్ కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే సబ్ డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టరు కమిటీకి. ఫైలు పైకి పోయిందంటే అసలు కాగితాలు పోయినట్టే అనుకుని ముందే రెండు సెట్లు జిరాక్సు తీసి పెట్టుకోండి.

కొట్టేస్తే?

నోటి మాటగా "రిజెక్టు అయింది" అంటే ఒప్పుకోవద్దు. కారణాలు వివరంగా రాసి, దరఖాస్తుదారుకి స్వయంగా అందించాలి. గ్రామసభ నిర్ణయం మీద 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి, వాళ్ల నిర్ణయం మీద 60 రోజుల్లో జిల్లా కమిటీకి అప్పీలు. కాగితం అందిన తేదీ రాసి సంతకం పెట్టండి, కానీ చట్టం రోజుల్ని నిర్ణయం తేదీ నుంచి లెక్కపెడుతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఫైలులో ఏదైనా తక్కువైందని పై కమిటీకి అనిపిస్తే కొట్టేయకుండా గ్రామసభకు తిప్పి పంపాలని కూడా నియమం చెప్తుంది. జిల్లా కమిటీ మాటే చివరిది, ఆ పైన హైకోర్టు. గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇచ్చే బాధ్యత జిల్లా న్యాయ సేవాధికార సంస్థది, తెల్లకాగితం మీద అడిగితే చాలు.

ఈ రాత పని ఎందుకింత పట్టించుకోవాలంటే, 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, తిరస్కరించిన దరఖాస్తుదారుల్ని అడవి నుంచి ఖాళీ చేయించమంది. దేశమంతా గగ్గోలు పుట్టి, కేంద్రం మళ్లీ కోర్టుకు పోతే ఫిబ్రవరి 28న ఆ ఉత్తర్వును ఆపారు. ఆ రెండు వారాల టెన్షన్ పడింది, కారణం కూడా తెలియకుండా తిరస్కరణకు గురైన లక్షల కుటుంబాలు. మీ గూడెం ఆ జాబితాలో పడకూడదు.

పులుల పేరుతో ఖాళీ చేయమంటే

పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు, సెక్షన్ 4(5) ఇదే చెప్తుంది. టైగర్ రిజర్వులో తరలింపు స్వచ్ఛందంగానే జరగాలి, ముందు హక్కులు తేల్చాలి, తర్వాత గ్రామసభ తెలిసి ఒప్పుకోవాలి. 2024 జూన్‌లో పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, రిజర్వుల కీలక ప్రాంతాల్లోని 591 గ్రామాల తరలింపును త్వరగా చూడమని రాష్ట్రాలకు రాసింది కాబట్టి ఈ మాట ఎప్పుడైనా మీ గుమ్మం దాకా రావచ్చు. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అని చెప్తారు. వెళ్లాలా వద్దా అనేది మీ ఇష్టం, నేను చెప్పేది కాదు. కానీ ఇంటింటికీ వచ్చి విడివిడిగా వేలిముద్ర అడిగితే వేయొద్దు, సభ పెట్టమనండి, తెలుగులో రాసిన షరతులు చదివి వినిపించమనండి, హక్కుల పత్రం వచ్చాకే ఆ చర్చ అనండి. సభ మాటకి ఎంత బలం ఉందో 2013లో ఒడిశా నియమగిరిలో తేలింది. సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంది, డోంగ్రియా కోందుల కొండల్లో 12 సభలు పెడితే 12 కూడా బాక్సైట్ గని వద్దన్నాయి, గని రాలేదు.

గూడేనికి రోడ్డు, బడి, అంగన్‌వాడీ, మంచినీళ్లు అడిగితే "ఫారెస్టు క్లియరెన్సు లేదు" అంటారు కదా. సెక్షన్ 3(2) చూపించండి. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా కొట్టేట్టైతే, గ్రామసభ సిఫారసుతో డీఎఫ్ఓ (డివిజన్ అటవీ అధికారి) స్థాయిలోనే అనుమతి అయిపోతుంది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్‌లో ఈ 75 తెగల కోసం 24,104 కోట్లు పెట్టారు, ఇళ్లు, రోడ్లు, నీళ్లు అందులో ఉన్నాయి. అవి తీసుకోండి, తప్పకుండా తీసుకోండి. అయితే ఇల్లు ఇచ్చాం కదా, అడవి హక్కు ఎందుకు అన్నవాళ్లతో మాత్రం రాజీ పడొద్దు. పథకాన్ని రేపు ఇంకో ప్రభుత్వం ఆపేయొచ్చు, హక్కును అలా ఆపలేరు.

ఢిల్లీ దాకా పోవాల్సి వస్తే

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి, రశీదు నంబరు దాచుకుని, అప్పటికీ కదలకపోతే రెండు తలుపులున్నాయి. ఒకటి కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ, ఈ చట్టం అమలు చూసేది అదే, అటవీ శాఖ కాదు. రెండోది జాతీయ షెడ్యూల్డు తెగల కమిషన్. రాజ్యాంగం 338ఎ కింద ఏర్పడింది, విచారణలో సివిల్ కోర్టు అధికారాలతో అధికారుల్ని పిలిపించగలదు. ఉత్తరం రెండు పేజీలు దాటనివ్వకండి: గూడెం పేరు, ఏ తేదీన ఏ అర్జీ, ఎవరి ముద్ర, ఎన్ని నెలలైంది, ఏం కావాలి. గోడు మొత్తం రాస్తే అసలు విషయం మునిగిపోతుంది. తీర్మానం, ముద్రలున్న కాపీలు జత చేసి స్పీడ్ పోస్టులో పంపండి. ఎవరైనా అటవీ హక్కు అనుభవించకుండా అడ్డుపడినా, నేల నుంచి అన్యాయంగా గెంటినా అది ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం, 14566కి ఫోన్ చేయొచ్చు.

కడప లంకమల, పాలకొండల వైపు యానాదులు, అనంతపురం తండాల్లో అడవి అంచున సాగు చేసుకునే సుగాలీలు కూడా ఇదే దారిలో పోవచ్చు. గొర్రెలు కాసే కురుబలు, గొల్లలు ఎస్టీలు కాకపోయినా, 2005 డిసెంబరుకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా ఆ అడవి మీద ఆధారపడి ఉన్నామని చూపగలిగితే మేత హక్కు అడగొచ్చు. సాక్ష్యం వాళ్లకి కష్టం, ముసలివాళ్ల వాంగ్మూలాలు ఇప్పుడే రాయించుకోండి.

పత్రం వచ్చాక ఒక పని మిగులుతుంది. గరిష్ఠంగా మూడు నెలల్లో ఆ హక్కు రెవెన్యూ, అటవీ రికార్డుల్లోకి ఎక్కాలి. ఎక్కిందో లేదో సమాచార హక్కు కింద కాపీ అడిగి చూడండి. అటవీ ఫలసాయం రవాణాకి పర్మిట్ ఇచ్చే అధికారం ఇక గ్రామసభ వేసిన కమిటీదే కాబట్టి పర్మిట్ పుస్తకం అచ్చు వేయించుకుని, నమూనా కాపీలు డీఎఫ్ఓకి, దారిలో ఉన్న చెక్‌పోస్టులకి ముందే ఇచ్చి రశీదు తీసుకోండి. తేనె, బంక జీసీసీకే (గిరిజన సహకార సంస్థకే) అమ్ముతారో, ఎక్కువ ధర ఇచ్చే ఇంకొకరికి అమ్ముతారో అది గూడెం కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.